నిర్వాకానికి రెండో అర్థం

జూన్ 9
హాస్టలు, మేడ మీద చివరి గది

అత్తా,

ఈ రోజు నాకు ఎదురైన మొదటి ఆశ్చర్యం: ఒకప్పుడు కంపు అంటే సువాసన! పూలకు కంపు ఉండేదట. చల్లగాలి కంపును మోసుకొచ్చేదట. ఆ కార్డు చదివి నేను పైకే "ఛీ" అన్నాను. పెద్ద సంపాదకులు కళ్లజోడు పైనుంచి చూసి, "అమ్మాయీ, ఈ ఆఫీసులో ఏ మాటనీ ఛీ కొట్టం" అన్నారు. నా ఉద్యోగం అలా మొదలైంది.

అవును, దొరికింది! నిఘంటువు ఆఫీసులో పని. ఉదయం కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఇది. కొత్త ముద్రణ తయారవుతోంది. సెప్టెంబరు ఆఖరు వరకూ నన్ను పరీక్షకు పెట్టుకున్నారు. పని నచ్చితే సహాయకురాలిగా ఉంచేస్తారు. నచ్చకపోతే పంపేస్తారు. అత్తా, నాకు ఇక్కడే ఉండిపోవాలని ఉంది. రాత్రి నిద్రలో కూడా కార్డులు తిరగేస్తున్నానని నా రూమ్మేటు చెబుతోంది.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకు. ఇరుకు మెట్లెక్కితే రెండు గదులు. గోడల నిండా చిన్న చిన్న సొరుగులు, సొరుగుల నిండా కార్డులు, కార్డుకో మాట. ఉన్న ఒక్క కిటికీకి 'క్ష' సొరుగులు అడ్డం పెట్టారు, అందుకని అది తెరుచుకోదు. జిగురు వాసన. (కంపు అనబోయాను.) పెద్ద సంపాదకులకు అందరూ పెట్టుకున్న పేరు అకారాది గారు. ఆయన టిఫిను డబ్బా తెరిస్తే ముందు గుడ్డు, తరవాత పండు, చివర రొట్టె తింటారు. గ, ప, ర.

ఇంకో సంగతి. ఒకప్పుడు చీర అంటే ఆడా మగా ఎవరు కట్టినా చీరేనట. బట్ట అని అర్థం. మావయ్యకు చెప్పు.

నువ్వు కుట్టిన నీలం గౌను వేసుకుంటే నా రూమ్మేటు చూసి "మీ అత్త కుట్టు కత్తి" అంది.

నీ మేనకోడలు


జూన్ 17
కుట్టు దుకాణం

కోడలు పిల్లా,

ఉద్యోగం సంగతి చదివి మిషను ఆపి లేచి నిలబడ్డాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆవిడ దడుచుకుంది. ఇప్పుడు దుకాణానికి వచ్చే ప్రతివాళ్లకీ చెబుతున్నాను. నిన్ను డిక్షనరీ అమ్మాయి అంటున్నారు. కాబట్టి సెప్టెంబరులో వాళ్లు నిన్ను పంపేస్తే నేను దుకాణం ఇంకో వీధికి మార్చుకోవాలి, గుర్తుపెట్టుకో.

గౌను సంగతి. కత్తి అంటే ఎక్కడ గుచ్చుకుంది? చంక దగ్గరా, మెడ దగ్గరా? సూది ఏమైనా లోపల వదిలేశానా? ఇన్నేళ్లలో నా కుట్టు మీద ఇంత మాట ఎవరూ అనలేదు. గౌను వెంటనే పంపు, విప్పి చూస్తాను. ఆ పిల్లకి నా తరఫున క్షమాపణ చెప్పు. అంత నోరు మంచిది కాదని కూడా చెప్పు.

చీర సంగతి మీ మావయ్యకి చెప్పాను. "నాకొద్దు, ఇస్త్రీ ఎక్కువ" అన్నాడు.

ఇక నీ నిర్వాకం. పెట్టె సర్దుకుంటూ దుకాణంలోని పెద్ద కత్తెర కూడా సర్దుకుపోయావు! మేము రెండు రోజులు మిషను కింద వెతికాం. మీ మావయ్య బ్లేడుతో బట్ట కోస్తున్నాడు. నిన్న ఒక చొక్కాకి చేతులు రెండూ ఎడమవే వచ్చాయి.

ఫోను చెయ్యకు, మిషను చప్పుడులో నాకేమీ వినబడదు. ఉత్తరమే రాయి.

మీ అత్త


జూన్ 25
హాస్టలు

అత్తా,

కత్తెర ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో వస్తుంది. కార్డులు కత్తిరించడానికి బాగా పనికొచ్చింది. క్షమించు.

కత్తి అంటే బాగుందని. చాలా చాలా బాగుందని! మా వయసు వాళ్లం అలాగే అంటాం. ఇంకా బాగుంటే కేక అంటాం. మనిషి గొప్పవాడైతే తోపు అంటాం. అకారాది గారు తోపు.

ఇప్పుడు అసలు సంగతి విను. నాకు 'ని' సొరుగు అప్పగించారు. నిద్ర, నిప్పు, నిబ్బరం దాటుకుంటూ వెళ్తుంటే నీ మాట వచ్చింది. నిర్వాకం. ఉత్సాహం ఆపుకోలేక ఆయన బల్ల దగ్గరికి పరిగెత్తాను.

"మా అత్తకి నా మీద కోపం వస్తే ఈ మాట అంటుందండీ. పని పాడు చేశావని అర్థం కదా?"

"మన పుటలో ఏముంది?"

"నిర్వాకం: చక్కగా నిర్వహించుట, సామర్థ్యం."

"ఇంకేమైనా ఉందా?"

"లేదండీ."

"అయితే మీ అత్తగారి వాడుక తప్పు."

"మా వీధిలో అందరూ అలాగే అంటారండీ."

"అయితే మీ వీధి తప్పు." తరవాత కొంచెం మెత్తబడి అన్నారు: "చూడమ్మా, చెవి ఎవరు ఏది చెబితే అది నమ్ముతుంది. పుట అలా కాదు. ఈ పని చెయ్యాలంటే చెవిని పక్కన పెట్టి పుటని నమ్మడం నేర్చుకో."

ఆ మాట కాగితం మీద రాసి నా బల్లకు అతికించుకున్నాను. అందుకని, అత్తా, నొచ్చుకోకు గానీ, నువ్వు ఇన్నేళ్లూ ఆ మాటను తప్పుగా వాడుతున్నావు.

నీ మేనకోడలు


జులై 6
కుట్టు దుకాణం

కోడలు పిల్లా,

కత్తెర అందింది. మొన మీద జిగురు కూడా అందింది.

అయితే ఇన్నేళ్లూ నేను నిన్ను పొగుడుతున్నానన్నమాట. నువ్వు ఎనిమిదో క్లాసులో స్కూలు యూనిఫాం మీద సిరా ఒలకబోస్తే "ఏమిటే నీ నిర్వాకం" అన్నాను. నీ సామర్థ్యానికి మురిసిపోయి అన్నానన్నమాట. మరి నువ్వెందుకు గుక్కపట్టి ఏడ్చావు? మీ అకారాది గారిని అడిగి చెప్పు.

మీ మావయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. నిన్న గుండీలన్నీ లోపలివైపు కుట్టాడు. "చూడండి మీ నిర్వాకం" అన్నాను. "థాంక్స్" అన్నాడు.

కత్తి మంచి మాటంటే నేనొప్పుకోను. కత్తి కత్తే. నేను రోజంతా పదును సామానుతో బతికేదాన్ని, నాకు తెలుసు. తోపంటే మామిడి తోపు. మనిషిని తోపంటే వాడు పడుకుని ఉన్నట్టుంటుంది. మాటలకి ఇష్టమొచ్చిన అర్థాలు అంటించుకుంటూ పోతే రేపు నేను పొడుగు చెయ్యమంటే మీ మావయ్య పొట్టి చేస్తాడు.

నవ్వకు. ఇప్పుడు నేనూ మీ అకారాది గారిలాగే మాట్లాడానని నాకు తెలిసింది. కొట్టేద్దామనుకున్నాను గానీ కాగితం పాడవుతుందని ఉంచాను.

ఒక్క మాట మాత్రం విను. నువ్వు ఏదైనా రాస్తే నలుగురి ముందుకు వెళ్లే ముందు ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదువు.

మీ అత్త


ఆగస్టు 3
హాస్టలు

అత్తా! అత్తా!

అకారాది గారు సంపాదకులై పాతికేళ్లయింది. పదకొండో తేదీ సాయంత్రం సభ. అభినందన పత్రం రాసే పని నాకిచ్చారు! కమిటీ అధ్యక్షులు "కొత్త అమ్మాయి రాయనీండి, భాష తాజాగా ఉంటుంది" అన్నారట. ఇది బాగా వస్తే సెప్టెంబరు దాకా ఆగే పనే ఉండదని ప్రూఫురీడరు గారు నా చెవిలో చెప్పారు.

మూడు రోజులు కూర్చుని రాశాను. ప్రతి మాటా మన నిఘంటువులోంచే ఏరుకున్నాను. ఆయన దిద్దిన అర్థాలతో ఆయన్నే పొగడడం కన్నా గౌరవం ఏముంటుంది? కొంచెం రుచి చూడు:

"ప్రబుద్ధులైన సంపాదక మహాశయా! పాతికేళ్లుగా ఈ ఆఫీసులో తమరి నిర్వాకం కళ్లారా చూస్తున్నవాళ్లం మేము. తమరి ఘనకార్యాలు ఒక్కొక్కటిగా చెప్పాలంటే ఈ సాయంత్రం చాలదు. తమరు వచ్చి ఈ నిఘంటువును ఉద్ధరించిన సంగతి అందరూ ఎరిగినదే. సంస్థలో ఉన్న సమస్తాన్నీ తమరు భాషకే కైంకర్యం చేశారు."

ప్రబుద్ధుడంటే మేలుకొన్నవాడు, జ్ఞాని. కైంకర్యం అంటే సేవ. అన్నీ పుట చూసి సరిపోల్చుకున్నాను.

నువ్వు చెప్పినట్టే రూమ్మేటును కూర్చోబెట్టి పైకి చదివాను. ఆమె చెవుల్లో పాటలు పెట్టుకుని ఉందని చివర్లో తెలిసింది. అయినా "కేక" అంది. ప్రూఫురీడరు గారు కూడా చూశారు. "ఒక్క అచ్చుతప్పు లేదు" అని సంతకం పెట్టారు. అర్థం ఎలా ఉందండీ అంటే, "అది నా శాఖ కాదు" అన్నారు.

ఆ రోజు నేనే చదవాలట. నీలం గౌను వేసుకుంటాను.

నీ మేనకోడలు


ఆగస్టు 11
కుట్టు దుకాణం

ఒసే పిల్లా,

ఆపు!

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. హాస్టలుకి ఫోను చేశాను. మీ వార్డెను ఎత్తి, "నీలం గౌను వేసుకుని ఇప్పుడే వెళ్లింది, చాలా ముచ్చటగా ఉంది" అంది. ఆ ఆఫీసు నంబరు నా దగ్గర లేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందని తెలుసు, అయినా రాయకుండా కూర్చోలేను.

మీ మావయ్య చదివి, "పర్వాలేదు, పొగిడిందిగా" అన్నాడు. ఆయనతో మాట్లాడడం మానేశాను.

మీ అత్త


ఆగస్టు 13
హాస్టలు

అత్తా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది.

"ప్రబుద్ధులైన" అనగానే ఎవరో దగ్గారు. వాళ్లకి గొంతు బాగోలేదేమో అనుకున్నాను. "తమరి నిర్వాకం" అనగానే ముందు వరసలో ఒకావిడ చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ఆవిడ అకారాది గారి భార్య. కళ్లు తుడుచుకుంటుంటే ఆనందబాష్పాలనుకున్నాను. అత్తా, నేను సంతోషించి గొంతు ఇంకా పెంచాను! "ఘనకార్యాలు" దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఊగిపోతోంది. చప్పట్లు ఆగేవరకూ ఆగుదామని కూడా ఆగాను, ఉపన్యాసకులు అలా చేస్తారని చదివాను. "సమస్తాన్నీ కైంకర్యం" అన్నప్పుడు లెక్కలు చూసే ఆయన కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

అప్పుడు అకారాది గారి వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. ఆ సభ మొత్తంలో నవ్వని వాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ.

మర్నాడు పిలిచారు. బల్ల మీద నా పత్రం నకలు, పక్కనే నిఘంటువు తెరిచి ఉన్నాయి.

"అమ్మాయీ, నువ్వు నన్ను పొగిడావా, తిట్టావా?"

"మన నిఘంటువు ప్రకారం పొగిడానండీ."

"మరి జనం ఎందుకు నవ్వారు?"

"వాళ్ల దగ్గర మన నిఘంటువు లేదండీ."

నేను చమత్కారానికి అనలేదు, నోటికి అదే వచ్చింది. ఆయన పుట వైపు చూశారు, పత్రం వైపు చూశారు, మళ్లీ పుట వైపు చూశారు. ఆయన చిక్కు నాకప్పుడు అర్థమైంది. కోప్పడితే తన నిఘంటువు తప్పని ఒప్పుకున్నట్టు. కోప్పడకపోతే ఆ పత్రం మెప్పేనని ఒప్పుకోవాలి. కమిటీ అధ్యక్షులు అప్పటికే దాన్ని ఫ్రేము కట్టించి మెట్ల దగ్గర తగిలించేశారు. పాల వాడి దగ్గర్నుంచి అందరూ ఆగి చదువుతున్నారు.

"వెళ్లి పని చూసుకో" అన్నారు. అంతే. నన్ను ఉంచుతారో పంపుతారో ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

నీ మేనకోడలు


ఆగస్టు 20
కుట్టు దుకాణం

తల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. ఎంత నవ్వానంటే సూది వేలికి గుచ్చుకుంది. తరవాత నువ్వు స్టేజీ మీద ఒక్కదానివే చప్పట్లు ఆగేవరకూ ఆగడం తలుచుకున్నాను. అప్పుడింక నవ్వు రాలేదు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. తెలిసే రాశావా? ఆ మాట నా నోట విని పెరిగినదానివి. తెలిసి రాసుంటే తిడతాను, తెలియక రాసుంటే ఇంకా ఎక్కువ తిడతాను. కానీ ఏదైనా నేను నీ వైపే.

ఉద్యోగం పోతే పోనీ. దుకాణంలో కిటికీ పక్కన చోటుంది, కాజాలు కుట్టుకుంటూ చదువుకో. వీధిలో వాళ్లు ఏమైనా అంటే నేను చూసుకుంటాను. ఈ మాట నేను పోయిన వారమే రాయాల్సింది. నువ్వు భయపడతావని రాయలేదు. నిజానికి భయపడింది నేను.

ఆయన మళ్లీ పిలిస్తే క్షమించమను. ఒక్క మాటతో పోయేదానికి పంతం ఎందుకు?

మీ అత్త


సెప్టెంబరు 22
హాస్టలు

అత్తా,

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. రాయడానికి ఏమీ లేదు, ఆయన నాతో మాట్లాడలేదు. ఇవాళ మాత్రం ఒక్క రోజులోనే రెండు నెలలకు సరిపడా జరిగింది.

ముందు నీ ప్రశ్న. తెలియక రాశాను. నీ గొంతులో ఆ మాట నాకు తెలుసు, ఎలా తెలియకుండా ఉంటుంది? రాసేటప్పుడు నీ గొంతు వినిపించింది కూడా. "ఇది తప్పు వాడుక" అని దాన్ని పక్కకు నెట్టేశాను. మంచి విద్యార్థిని అనిపించుకోవాలని నిన్ను నమ్మడం మానేశాను. అందుకు నువ్వు ఎంత తిట్టినా సరే.

మొన్న శుక్రవారం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను అతికించుకున్న కాగితం చదివారు, ఆయన మాటే. తరవాత అడిగారు:

"మీ వీధి గురించి ఇప్పుడేమంటావు?"

నువ్వు చెప్పిన జవాబు నాలుక చివర ఉంది. పొరపాటైంది, క్షమించండి. అంటే సరిపోయేది, నన్ను ఉంచేసేవారు. కానీ అప్పుడు 'ని' సొరుగులో ఆ కార్డు ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఇంకో అమ్మాయి వస్తుంది, పుట నమ్ముతుంది, నలుగురిలో నిలబడి చదువుతుంది.

"మా వీధి తప్పు కాదండీ" అన్నాను. "ఆ మాటకి ఒకప్పుడు మన అర్థమే ఉండి ఉంటుంది. కానీ జనం వెటకారంగా వాడి వాడి, వెటకారమే మిగిలింది. కంపుకి అలా జరిగిందని మనమే రాశాం. దీనికీ రాయాలి. రాయకపోతే మన నిఘంటువు చూసుకుని మంచి మాట అనుకుని తిట్టేవాళ్లు ఇంకా పుడతారు."

ప్రూఫురీడరు గారు బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయారు. అకారాది గారు తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. నేను శనివారం నా సొరుగు సర్దేసుకున్నాను. నా పెన్సిళ్లు, నా కప్పు. ఇవాళ ఆఖరి రోజనుకునే మెట్లెక్కాను.

ఆయన నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. బల్ల నిండా కథల పుస్తకాలు, ఒక్కొక్క దాంట్లో పదేసి చీటీలు.

"'ని' పుటలు అచ్చుకు వెళ్లకుండా ఆపించాను" అన్నారు. "శని, ఆదివారాలు చదివాను. ప్రతి కథలోనూ ఉంది నీ మాట. అత్తలంటున్నారు, మాస్టార్లంటున్నారు, ఒక దాంట్లో కండక్టరు అంటున్నాడు. ఇన్నేళ్లూ ఇవి నా కళ్ల ముందే ఉన్నాయి. కథల్లో మనుషులు మాట్లాడే మాటలు లెక్కలోకి రావని నేనే నియమం పెట్టాను."

"ఇప్పుడు వస్తాయాండీ?"

"రావు. వాళ్లు కల్పితం. బతికున్న మనిషి నోట రావాలి. కోపంలో ఉండగా రావాలి. మనం అడగకుండా రావాలి. నేను స్వయంగా వినాలి. అప్పుడే రెండో అర్థం రాస్తాను. ఉదాహరణ వాక్యంగా వాళ్లన్నది అన్నట్టే వేస్తాను."

నేను వెంటనే నీ పేరు చెప్పాను. మావయ్య గుండీలు కుడుతున్నప్పుడు వస్తే చాలన్నాను.

"అంత దూరం అక్కర్లేదు" అన్నారాయన. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రోజు ముందు వరసలో ఒకావిడ నవ్వింది చూశావా? ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకు నవ్వావని. పెళ్లయిన దగ్గర్నుంచి తను అంటున్నది ఇన్నాళ్లకి ఇంకొకరు అచ్చు వేయించారు, అందుకు నవ్వానంది. అంటూనే ఉందట. నేను పొగుడుతోందనుకునేవాణ్ణి."

అత్తా, ఆయన అప్పుడు నవ్వారు! నేను చూడడం అదే మొదటిసారి. ప్రూఫురీడరు గారు బల్ల కిందనుంచి తల బయట పెట్టి చూశారు.

ఇక నా సంగతి. ఈ కార్డు సరిగ్గా రాస్తే 'ప' సొరుగు కూడా నాకే అన్నారు. 'ప' అంటే రెండేళ్ల పని, అత్తా! అంటే ఏమిటో నువ్వే అర్థం చేసుకో. మన వీధిలో చెప్పుకో. దుకాణం మార్చక్కర్లేదు.

మరి రేపటి ఏర్పాటు ఇది. ఆయన వంటగదిలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదట. రేపు పొద్దున ఆవిడ లేచేలోగా లోపలికి వెళ్లి, తనే అందరికీ టీ పెడతారట. పాలు ఏ గిన్నెలో కాస్తారో కూడా ఆయనకి తెలియదు. "నేను స్టవ్ వెలిగించాక ఎంతోసేపు పట్టదు" అన్నారు, ధీమాగా. నేను ఏడింటికల్లా వెళ్లి, పుస్తకం తీసుకోవడానికి వచ్చినట్టు గుమ్మంలో నిలబడాలి. ఆవిడ రాగానే ఆయన పక్కకు తప్పుకుంటారు, స్టవ్ ఆవిడకి కనబడేలా. కార్డు పైన మాట రాసి ఉంచుకున్నాను, కింద వాక్యానికి చోటు వదిలాను. కలాలు రెండు తీసుకెళ్తాను, ఒకటి ఆగిపోతే ఆవిడని మళ్లీ అనమని అడగలేం కదా.

నీ మేనకోడలు